శుక్రవారం మొదటి పీరియడ్

"మేడమ్, మీ టీవీకి నేనంటే గిట్టట్లేదు. కాస్త వచ్చి బుజ్జగించండి."

స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి ప్రభుదాస్ సార్ ఆ మాట అనేసరికి ధరణికి ఒళ్ళు మండింది. తాగుతున్న టీ పక్కన పెట్టేసి లేచింది.

"టీవీ కాదు సార్, ప్యానెల్. ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

"పేరు మారిస్తే బుద్ధి మారుద్దా మేడమ్?"

దుర్గి దగ్గరున్న ఆ హైస్కూల్‌కి స్మార్ట్ ప్యానెల్ వచ్చి రెండు నెలలైంది. వేలితో రాస్తే అక్షరాలు పడతాయి, లాగితే బొమ్మలు కదులుతాయి. ధరణి ఫిజిక్స్ టీచర్. అందరిలోకీ చిన్నది, కంప్యూటర్ తెలిసినది. అందుకని తక్కిన టీచర్లకు నేర్పే పని హెడ్మాస్టర్ లక్ష్మీనారాయణ గారు ఆమె నెత్తిన పెట్టారు. తెలుగు మేడమ్ నేర్చుకుంది. రేపో మాపో రిటైరయ్యే హిందీ సార్ కూడా నేర్చుకున్నారు. సోషల్ చెప్పే ప్రభుదాస్ దగ్గరే బండి ఆగిపోయింది.

ప్యానెల్ ఉన్న గది ఒక్కటే కాబట్టి వంతులేశారు. సోషల్‌కి శుక్రవారం మొదటి పీరియడ్ వచ్చింది. ధరణి వెళ్ళేసరికి తెర మీద పేజీలు వాటంతటవే తిరుగుతున్నాయి. ప్రభుదాస్ ఇండియా మ్యాప్ మీద కృష్ణానది గీయబోతే గీత ఎగిరి రాజస్థాన్‌లో పడుతోంది. పదో తరగతి పిల్లలు నోళ్ళు నొక్కుకుని నవ్వుతున్నారు.

ప్యానెల్ పై అంచు నుంచి చామంతి దండ వేలాడుతోంది. అది ఆయా నరసమ్మ పని. ప్యానెల్ వచ్చిన రోజే కొబ్బరికాయ కొట్టిన మనిషి ఆమె. చదువులతల్లి శుక్రవారం పూట బోసిగా ఉండకూడదని పొద్దున్నే దండ వేసి వెళ్తుంది. ధరణి అలవాటుగా ఆ దండ తీసి, కళ్ళకద్దుకుని, కిటికీ కొక్కేనికి తగిలించింది. తెర మీద వేలు పెట్టి గీసింది. గీత చక్కగా పడింది.

"చూశారా, ఎంత బుద్ధిగా ఉందో!"

"మీరు దగ్గరుంటే ఎవరైనా బుద్ధిగానే ఉంటారు మేడమ్."

వెనక బెంచీలోంచి ఎవరో "ఓ..." అన్నారు. ధరణి చెవులు ఎర్రబడ్డాయి.

ప్రతి శుక్రవారం ఇదే వరస. ఆయన పిలవడం, ఆమె విసుక్కుంటూ రావడం, దండ తీసి పక్కన పెట్టడం, ప్యానెల్ మాట వినడం. ప్రభుదాస్ చెయ్యి పడితేనే పనిచేయదని స్కూలంతా నవ్వుకుంది. ధరణికి మాత్రం నవ్వు రాలేదు. సాయంత్రాలు ఆయన్ని కూర్చోబెట్టి మళ్ళీ మొదటి నుంచి చెప్పేది. సాయంత్రం పూట ఆయన వేలికీ అది పనిచేసేది. మళ్ళీ వారం మామూలే.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. మాచర్ల బస్సు రాలేదు. ఇద్దరూ వరండాలో నిలబడ్డారు. జల్లు కొడుతుంటే ప్రభుదాస్ ఏమీ అనకుండా జల్లు వైపుకు జరిగి నిలబడ్డాడు. చొక్కా ఒక పక్కంతా తడిసిపోయింది.

"ఇటు రండి సార్, తడుస్తున్నారు."

"నాకు వానంటే ఇష్టం."

"అబద్ధం. పొద్దున తుమ్మారు."

ఆ మాటా ఈ మాటా అనుకుంటూ ఇళ్ళ సంగతుల్లోకి వెళ్ళారు. వాళ్ళమ్మ మరియమ్మ ఆదివారం చర్చిలో పాడే పాటల గురించి ఆయన చెప్పాడు. "మా నాన్న పిచ్చియ్య, నాపరాయి క్వారీలో లారీ తోలతాడు. మాటలు తక్కువ, హారన్ ఎక్కువ," అంది ధరణి. ఆయన పగలబడి నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమె గుండె ఒక్కసారి ఝల్లుమంది. ఈయనంటే నాకు ఇష్టం అనుకుంది. ఆ వెంటనే, నాన్న ఒప్పుకుంటాడా అనుకుంది. వాన ఆగాక ఏమీ ఎరగనట్టు బస్సెక్కింది.

ఆ మరుసటి వారం హెడ్మాస్టర్ పిలిచారు. "సత్తెనపల్లిలో టీచర్లకు ట్రైనింగ్ పెడుతున్నారమ్మా. ట్రైనర్‌గా నీ పేరు పంపుదామనుకున్నా. కానీ మన ప్రభుదాస్‌కే నేర్పలేకపోయావంటే అక్కడ నన్ను నిలదీస్తారు. శుక్రవారం విద్యాశాఖ ఆఫీసరు గారొస్తున్నారు. నువ్వే పాఠం చెప్పి చూపించు, ఆయనే తేలుస్తారు."

ధరణికి ఆ పూట అన్నం సయించలేదు. లోపం తనలోనే ఉందేమో, నేర్పడం తనకు రాదేమో అని కుమిలిపోయింది.

శుక్రవారం ఆఫీసరు వచ్చి కూర్చున్నారు. టీచర్లంతా వెనక బెంచీల్లో సర్దుకున్నారు. పెద్దాయన వస్తున్నారని నరసమ్మ దండ ఇంకా ఒత్తుగా కట్టింది. గుమ్మం దగ్గర నిలబడి మురిపెంగా చూస్తోంది. ఆమె చూస్తుండగా దండ ఎలా తీస్తుంది ధరణి? అలాగే వదిలేసి తెర మీద వేలు పెట్టింది.

గీత గాల్లోకి లేచింది. పేజీలు గిర్రున తిరిగాయి. మళ్ళీ పెట్టింది. కటకాల బొమ్మ పోయి లెక్కల పాఠం వచ్చింది. ఆఫీసరు కళ్ళజోడు సర్దుకున్నారు.

వెనక నుంచి ప్రభుదాస్ లేచి వచ్చాడు. గొంతు తగ్గించి, "మేడమ్, ఆ దండ తియ్యండి," అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఫిజిక్స్ టీచర్‌కి అంతా అర్థమైంది. అంచుల్లోంచి తెర మీదుగా కంటికి కనపడని కిరణాలు పోతుంటాయి. వాటికి అడ్డొచ్చిన ప్రతిదాన్నీ ప్యానెల్ వేలనే అనుకుంటుంది. ఇన్నాళ్ళూ దానికి వేళ్ళయింది చామంతులే. దండ తీసింది. పాఠం అద్భుతంగా నడిచింది. ఆఫీసరు అక్కడికక్కడే ఆమె పేరు ఖాయం చేశారు.

అందరూ వెళ్ళాక వరండాలో ఆయన్ని ఆపింది.

"మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"రెండో శుక్రవారం నుంచి."

"మరి చెప్పలేదేం?"

"నరసమ్మత్త చానా ఇష్టంగా కడతది. చర్చికి పోయే నేను దండ తియ్యమంటే ఇంకోలా అనుకుంటదేమోనని..."

"నాకు చెప్పొచ్చుగా! నేను చెప్పేదాన్నిగా ఆమెకు!"

ప్రభుదాస్ తల వంచుకున్నాడు. "చెప్తే ఇక మీరు రారుగా మేడమ్."

ఇంకో రోజైతే ఆ మాటకి ధరణి పొంగిపోయేదే. ఇవాళ కళ్ళు నిండాయి.

"నాకు నేర్పడం రాదేమోనని ఎంత ఏడ్చానో తెలుసా మీకు? హెడ్మాస్టర్ గారి ముందు తలెత్తుకోలేకపోయా. మీకదంతా సరదా!"

ఆయన ముఖం పాలిపోయింది. అది ఆయనకు తట్టనే లేదు. ధరణి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

దండ సంగతి నరసమ్మకు తనే చెప్పింది. "ఓసి నా తల్లీ! ఆ ముక్క ముందే చెప్పొద్దా? ఇంకనించి కింద స్టాండుకి కడతాలే, పైన కడితే ఏంది, కింద కడితే ఏంది!" అని ఆమె తేలిగ్గా తీసిపారేసింది.

ఆ తర్వాత శుక్రవారాల్లో స్టాఫ్‌రూమ్ గుమ్మంలోకి ఎవరూ రాలేదు. టీ చల్లారేదాకా ధరణి గుమ్మం వైపు చూస్తూనే ఉంది.

సత్తెనపల్లి ట్రైనింగ్‌కి నాలుగు మండలాల టీచర్లు వచ్చారు. వాళ్ళలో ప్రభుదాస్ కూడా ఉన్నాడు. ధరణి మాట్లాడటం మొదలుపెట్టగానే ముందు వరసలో ఒకాయన పక్కాయనతో అందరికీ వినపడేలా అన్నాడు. "వాళ్ళ స్కూల్లో సోషల్ సారుకే నేర్పలేకపోయిందంట. మనకేం నేర్పుద్ది?"

హాలు గొల్లుమంది.

ప్రభుదాస్ లేచి నిలబడ్డాడు. "ఆ సోషల్ సారుని నేనేనండీ. మేడమ్ నాకు మొదటి వారమే నేర్పారు. ఆమె ప్రతి వారం వచ్చి నేర్పాలని రానట్టు నటించా. తప్పు ఆమెది కాదు, నాది. ఆమెను ఏడిపించా. అందుకు సిగ్గుపడుతున్నా."

ఎవరూ నవ్వలేదు. ఆయన ముందుకొచ్చి ప్యానెల్ మీద కృష్ణానదిని మహాబలేశ్వరం నుంచి హంసలదీవి దాకా ఒక్క గీతలో గీసి, వెళ్ళి కూర్చున్నాడు. ముందు వరసాయనే ముందుగా చప్పట్లు కొట్టాడు.

సాయంత్రం మాచర్ల బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ధరణి, నిలబడి ఉన్న ప్రభుదాస్‌ని చూసి బ్యాగు ఒళ్ళోకి తీసుకుంది. ఆయన కూర్చున్నాడు. బస్సు పిడుగురాళ్ళ దాటింది.

"నాకూ రావాలనే ఉండేది," అంది ధరణి చివరికి. "గురువారం సాయంత్రమే చీర ఇస్త్రీ చేసి పెట్టుకునేదాన్ని. మీ కోసమే."

ఆమె ఫోన్ తీసి అక్కడే నంబరు నొక్కింది.

"నాన్నా, ఆదివారం ఇంట్లో ఉంటావా? ఒకాయన్ని తీసుకొస్తా."

"ఎవరే?" పిచ్చియ్య గొంతు బస్సు మోతలోనూ వినపడుతోంది.

"మా స్కూల్లో ప్రభుదాస్ సార్. నాకిష్టమైన మనిషి. వాళ్ళు చర్చికి పోతారు నాన్నా."

ధరణి ఫోన్ గట్టిగా పట్టుకుంది. తెలియకుండానే ఇంకో చేత్తో ప్రభుదాస్ చెయ్యి పట్టుకుంది.

"ఆదివారమంటే వాళ్ళకి ప్రార్థన ఉంటదిగా," అన్నాడు పిచ్చియ్య మెల్లగా. "అది అయిపోయినాకే రమ్మను. తొందరేం లేదు. ఆయన వచ్చినాకే అన్నాలు తిందాం."