టెలిఫోటోగారి మాక్రో లెన్స్

"ఆ లెన్స్ మీకు పనికిరాదు," అంది కౌంటర్ వెనక అమ్మాయి.

అతను ఇంకా ధర కూడా అడగలేదు. పెళ్లిలో ఉంగరాలు తియ్యడానికని గొణిగి, గాజు బీరువాలో పై అరలో ఉన్న పొడుగాటి మాక్రో లెన్స్‌ని వేలితో చూపించాడు, అంతే. కొనడానికి వచ్చినవాణ్ణి వద్దనే షాపుని బుద్ధెరిగాక అతను చూడటం ఇదే మొదలు.

పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లు అతన్ని దూరాన్నుంచి తీసే లెన్స్ పేరుతో టెలిఫోటో అని పిలుస్తారు. పిలిచి పిలిచి అసలు పేరు మరిచిపోయారు కూడా. హాల్లో ఒక చివర పెళ్లికూతురు, పెళ్లికొడుకు ఉంటే, రెండో చివర స్తంభం చాటున చెయ్యంత పొడుగు లెన్స్ పట్టుకుని అతను ఉంటాడు. ఫొటోలకేం, బాగానే వస్తాయి. మనిషే ఎవరి కంటా పడడు. నలుగురి మధ్యకి వెళ్లాలంటే అతని కాళ్లు వెనక్కి లాగుతాయి. వెళితే ఎవరో ఒకరు పలకరిస్తారు. పలకరిస్తే ఏదో ఒకటి చెప్పాలి. ఆ ఏదో ఒకటి అతనికి ఎప్పుడూ ఇంటికొచ్చి బట్టలు మార్చుకుంటున్నప్పుడే తడుతుంది.

అందుకని పెళ్లివాళ్లతో బేరసారాలూ, పలకరింపులూ అన్నీ అక్కే చూసుకుంటుంది. మొన్ననే ఒక కొత్త పెళ్లికూతురు ఆల్బమ్ అంతా తిరగేసి, పెళ్లికి పిలవనివాడెవడో గోడ మీంచి తీసినట్టున్నాయి అందట. అక్క ఆ మాటని ఉప్పూ కారం తగ్గకుండా తెచ్చి తమ్ముడికి వడ్డించింది. ఉంగరం తొడిగే వేళ్లూ, కంటి చివర తడీ దగ్గర్నుంచి తియ్యాలనీ, దానికి మాక్రో లెన్స్ అని ఒకటి ఉంటుందనీ, అది లేకుండా ఇంటి గడప తొక్కొద్దనీ చెప్పి పంపింది.

"ఎందుకు పనికిరాదండీ?" అన్నాడు బీరువాతో మాట్లాడుతున్నట్టు.

"పెళ్లిలో అంటున్నారు కదా. ఉంగరం ఒక్కటే అయితే సరే. చేతులు రెండూ పట్టాలంటే దీంతో గుమ్మం దాకా వెనక్కి జరగాలి. మధ్యలో ఎవరి మోచెయ్యో అడ్డొస్తుంది."

"వెనక్కి జరగడమే నాకు కావాలి."

అప్పుడు ఆ అమ్మాయి అతన్ని తేరిపార చూసింది. "టెలిఫోటో అంటే మీరేనా?"

కాళ్ల కింద భూమి నోరు తెరిస్తే బాగుండుననుకున్నాడు అతను. తను ఎవరికీ కనపడటం లేదని ఇన్నాళ్లూ ధీమాగా ఉన్నాడు. తీరా చూస్తే కెమెరా షాపుల దాకా పాకిపోయింది పేరు.

ఆమె నవ్వు ఆపుకుని బల్ల మీద గుడ్డ పరిచింది. దాని మీద మూడు మాక్రో లెన్సులు వరసగా నిలబెట్టింది, పెద్దది, నడిమిది, చిన్నది. "మూడూ ఉంగరాన్ని ఒకే సైజులో చూపిస్తాయి. తేడా అంతా మీరు ఎంత దగ్గరికి వెళ్లాలన్నదే. పెద్దదానికి జానెడు పైనే దూరంలో ఉండొచ్చు. నడిమిదానికి అందులో సగం. చిన్నదైతే బెత్తెడు. మీ ఊపిరి అవతలి వాళ్ల చేతికి తగులుతుంది."

అతను చిన్నదానివైపు కుక్కపిల్లని చూసి జడిసినవాడిలా చూశాడు.

ఆ షాపు ఆమె పెదనాన్నది. అమ్మకాలు ఆయనవి, మరమ్మతులు ఆమెవి. బూజు పట్టిన లెన్సుల్ని, బిగుసుకుపోయిన లెన్సుల్ని విప్పి బాగుచేస్తుందని ఫొటోగ్రాఫర్లు ఆమెని డాక్టరమ్మ అంటారు. వాడి చూడకుండా మాక్రో కొనొద్దని ఆమె ఖాయంగా చెప్పేసింది. ఒక్కొక్కటీ తీసుకెళ్లి ఒక్కో పెళ్లిలో వాడి, ఫొటోలు తెచ్చి చూపించమంది. వెనక గదిలోంచి పెదనాన్న దగ్గాడు గానీ, ఆ దగ్గు ఒప్పుకున్నట్టో ఒప్పుకోనట్టో అతనికి తెలియలేదు.

అతను పెద్దదే పట్టుకెళ్లాడు. తరువాతి వారం ఆ ఫొటోలు షాపు కంప్యూటర్‌లో ఒక్కొక్కటే తిప్పుతూ ఆమె ఒకచోట ఆగింది.

"ఈ చెవి ఎవరిదండీ?"

"పెళ్లికొడుకు మేనమామది."

"ఉంగరం కంటే బాగా వచ్చింది. ఆయనకి ఫ్రేము కట్టించి ఇవ్వండి."

అతనికి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఆ మేనమామ చెవి తప్పించడానికి తను పడ్డ పాట్లన్నీ చెప్పుకొచ్చాడు. చెప్పడం అయ్యాక గానీ గుర్తురాలేదు, అంత సేపు తను ఒక మనిషి ఎదురుగా నిలబడి తడబడకుండా మాట్లాడాడని.

అక్కణ్ణుంచి మొదలైంది అసలు తంటా. వారం వారం షాపుకి వెళ్లడం అతనికి అలవాటైపోయింది. ఒక వారం పెద్దది బరువన్నాడు. నడిమిది ఇస్తే రంగులు కాస్త పచ్చగా వస్తున్నాయన్నాడు. అది లైట్ల తప్పని ఆమె చెబితే, లైట్లు మార్చి చూస్తానని మళ్లీ అదే పట్టుకెళ్లాడు. ఒకరోజు దారిలో వాన దంచికొడితే చొక్కా విప్పి లెన్స్ సంచికి చుట్టి, బనీనుతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆమె ముందు లెన్స్‌ని పొడిగా తుడిచి, తరువాత అతని చేతికి తువ్వాలు ఇచ్చింది. మనిషికి జలుబు చేస్తే దానంతటదే తగ్గుతుంది, లెన్స్‌కి బూజు పడితే తగ్గదు అంది. అలా అంటూనే వేడి టీ తెచ్చి పెట్టింది.

అతనికి ఆ అమ్మాయి అంటే ఇష్టం. ఈ సంగతి అతనికి తెలుసు, అక్కకి అనుమానం, ఆ అమ్మాయికి మాత్రం చెప్పాలి. అదొక్కటే మిగిలింది. ప్రతివారం చెప్పాలనే వెళ్లేవాడు. తీరా ఆమె ఎదురుగా నిలబడగానే నోట్లోంచి లెన్స్ గురించే వచ్చేది. ఏదో ఒకటి కొనేస్తే ఇక ఆ షాపుకి వెళ్లడానికి సాకు ఉండదు. కొనకుండా ఎన్నాళ్లని తిరుగుతాడు? పెళ్లికూతుళ్లని చూసుకునేవాళ్లు కూడా ఇంత నాన్చరురా అని అక్క రోజూ సాధిస్తూనే ఉంది.

అలా ఉండగా ఒక పెళ్లిలో ఎవరో గుప్పెడు మెరుపుల పొడి గాల్లోకి విసిరారు. ఆ పొడి నడిమి లెన్స్ సందుల్లోకి దూరింది. తిప్పుతుంటే కరకరమంటోందని తెచ్చి ఇచ్చాడు. ఆమె చెవి దగ్గర పెట్టుకుని తిప్పి చూసి, మొహం చిన్నబుచ్చుకుని, విప్పి చూస్తే గానీ ఏమీ చెప్పలేనంది. అతను తన పిల్లనెవరో ఆసుపత్రిలో చేర్చుకున్నట్టు బిక్కమొహం వేసుకుని ఇంటికొచ్చాడు.

ఆ తరువాత ఫోన్ చేసింది పెదనాన్న. ఆయన ఎదురుగా ఉంటే నిండుగా మాట్లాడతాడు గానీ ఫోన్‌లో సగం మాటలు మింగేస్తాడు.

"బాబూ, వెతగ్గా వెతగ్గా సరైనది దొరికింది. నిన్ననే రింగు మార్చేశాం. సరిగ్గా సరిపోయింది. మా అమ్మాయి సంతోషానికి పట్టపగ్గాల్లేవనుకో. ఒకసారి వచ్చి చూసి వెళ్లు," అని పెట్టేశాడు.

లెన్స్‌ని తిప్పి ఫోకస్ చేసే పట్టీని కూడా రింగు అనే అంటారు. అది అతనికి తెలియదా? చేతిలో కెమెరా లేకుండా అన్నం కూడా తినని మనిషి. కానీ రోజూ పెళ్లిళ్ల మధ్య బతికేవాడికి, అమ్మాయి, సంతోషం, సరైనది దొరికింది అన్న మాటల మధ్య రింగు అని వినబడితే ఇంకేం తడుతుంది? ఎన్ని జంటలు ఉంగరాలు మార్చుకుంటుంటే అతను దూరంగా నిలబడి ఫొటోలు తీశాడో. ఈసారి కూడా తను దూరంగానే ఉండిపోయాడు, అదీ అతని బాధ.

ఆ వారం షాపుకి వెళ్లలేదు. పై వారమూ వెళ్లలేదు. కాఫీలో పంచదార వెయ్యడం మరిచిపోయిన సంగతి అక్కకి గుర్తొచ్చేసరికి అతను కప్పు ఖాళీ చేసేశాడు. ఏమైందిరా అని నిలదీస్తే చెప్పాడు. అక్క పక్కన కూర్చుని, నీ నోటితో చెప్పకుండా ఆ అమ్మాయికి ఎలా తెలుస్తుందిరా అంది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. కనీసం వెళ్లి మంచిమాట చెప్పి, లెన్స్ తెచ్చుకోమని అక్క అతన్ని బయల్దేరదీసింది.

మధ్యాహ్నం షాపులో ఆమె ఒక్కతే ఉంది. వెనక గదిలో పెదనాన్న గురక వినిపిస్తోంది. అతన్ని చూడగానే ఆమె ముఖం వెలిగింది, వెంటనే ముడుచుకుంది.

"దారి మరిచిపోయారేమో అనుకున్నాను."

"శుభాకాంక్షలండీ," అన్నాడు అతను, దారి పొడుగునా వల్లె వేసుకొచ్చింది అదే కాబట్టి.

"దేనికి?"

"రింగు మార్చుకున్నారట కదా. పెదనాన్నగారు చెప్పారు."

"మార్చుకోవడం ఏమిటి, మార్చాను. చాలా కష్టమైంది. మొదట దొరికినవి ఏవీ పట్టలేదు."

అన్ని సంబంధాలు చూశారన్నమాట, అనుకున్నాడు అతను. "ఏం చేస్తుంటారు?"

"ఎవరు?"

"అదే. ఆయన."

"ఏ ఆయన?" అని ఆమె అతని వైపూ, బల్ల మీది నడిమి లెన్స్ వైపూ మార్చి మార్చి చూసింది. లెన్స్ తీసి అతని చేతిలో పెట్టింది. దాని నడుముకి కొత్త నల్లటి రింగు ఉంది. తిప్పితే వెన్నలా తిరిగింది.

అతను దాన్ని అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆమె పకపకా నవ్వడం మొదలుపెట్టి, మధ్యలో చటుక్కున ఆపేసింది.

"అందుకేనా ఇన్నాళ్లు రాలేదు?"

అతను చిన్న లెన్స్ ఒకసారి చూస్తానన్నాడు. దాన్ని అతను ఇంతవరకు ముట్టుకోనే లేదు. ఆమె తెచ్చి ఇచ్చింది. అతను కెమెరాకి తగిలించి, బల్ల మీదున్న పొట్టి స్టాండుకి బిగించాడు. ఏం తీస్తారని ఆమె అడిగితే, మీ చెయ్యి అన్నాడు. ఆమె చెయ్యి బల్ల మీద ఆనించింది. చూపుడువేలి చివర స్క్రూడ్రైవర్ గీసిన గాటు ఉంది. అతను ఒంగాడు. ఇంకా ఒంగాడు. నిజంగానే బెత్తెడు దూరం. ఇంత దగ్గరగా అతను ఎవరి చేతినీ చూసి ఎరగడు. క్లిక్ మన్నాక ఇద్దరూ తెర మీదికి తలలు వంచారు.

"చెడిపోయింది," అందామె. "కదిలింది చూడండి. మీ చెయ్యి వణికి ఉంటుంది."

"కెమెరా స్టాండు మీద ఉందండీ."

"అయితే?"

"చెక్క మీది గీతలు చూడండి, ఎంత స్పష్టంగా ఉన్నాయో. వేళ్లే మసకగా ఉన్నాయి. కదిలింది నేను కాదు."

ఆమె చెయ్యి వెనక్కి లాక్కుని ఓణీ కొంగులో దాచుకుంది. వీధిలో ఏదో బండి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఇక్కడ నోరు మెదపకపోతే ఇంటికెళ్లాక ఎన్ని మాటలు తట్టినా లాభం లేదని అతనికి తెలిసిపోయింది.

"నాకు మీరంటే ఇష్టం," అన్నాడు. "ఇన్నాళ్లూ బరువనీ, పచ్చరంగనీ చెప్పిందంతా ఇది చెప్పలేకే. మీరు కాదన్నా సరే, చెప్పకుండా మాత్రం వెళ్లను."

ఆమె తల ఎత్తలేదు. చిన్న లెన్స్ మూత తీసుకుని గుడ్డతో తుడిచింది. తుడిచిందే మళ్లీ తుడిచింది.

"మీకు సరిపోయేది ఈ చిన్నదేనని నాకు మొదటిరోజే తెలుసు," అంది.

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఆ రోజే కొనుక్కుని వెళ్లిపోయేవారు కదా."

అతను ఆ లెన్స్ కొనుక్కున్నాడు. ఆ సాయంత్రం జరిగింది చెప్పి అక్కకి తీసిన మొదటి ఫొటోలో అక్క కంటి చివర తడి స్పష్టంగా పడింది. ఉల్లిపాయలు తరుగుతున్నానని అక్క బుకాయించింది గానీ, చేతిలో కత్తి లేదు, ఎదురుగా ఉల్లిపాయా లేదు.

మర్నాడు అతనికి ఆ షాపులో కొనాల్సింది ఏమీ లేదు. అయినా తాళం తియ్యడానికి వచ్చిన పెదనాన్నకి గుమ్మం ముందు అతనూ, పక్కన అక్కా కనిపించారు. ఏం కావాలమ్మా అని ఆయన అడిగాడు. ఎప్పుడూ మాట్లాడేది తనే కాబట్టి అక్క గొంతు సవరించుకుంది. అతను అక్క చెయ్యి పట్టుకుని ఆపి, తనే పెదనాన్న ముందుకి వెళ్లి నిలబడ్డాడు.