తాయారు పొట్టి జుట్టు

ఆ ఆదివారం పొద్దున పోర్టులో నైట్ షిఫ్ట్ దిగి మల్కాపురంలోని ఇంటికొచ్చిన త్రినాథరావు, వంటింట్లో ఉప్మా కలుపుతున్న మనిషిని వెనకనుంచి చూసి గుమ్మంలోనే ఆగాడు. చుట్టాలావిడేమో అనుకుని "ఎవరమ్మా?" అని మర్యాదగా అడిగాడు కూడా. ఆవిడ వెనక్కి తిరిగింది. ఆవిడ తాయారు, అతని పెళ్లాం.

నడుం దిగి వేలాడే జడ లేదు. జుట్టు చెవుల దగ్గరే ఆగిపోయింది.

"ఏటే ఇది? ఏటి సేసుకున్నావ్?"

"కత్తిరించుకున్నాను బావా. నిన్న సాయంత్రం, నువ్వు డూటీకెల్లాక," అంది తాయారు పొయ్యి మంట తగ్గిస్తూ. ఆవిడ అతని మేనమామ కూతురు. పెళ్లికి ముందూ తరవాతా ఆ పిలుపే.

త్రినాథరావు హాల్లో కుర్చీలో కూలబడ్డాడు. ఆ జడ పెంచింది ఆవిడైనా, దాని గొప్ప మాత్రం ఎప్పుడూ అతనిదే. పెళ్లిళ్లలో ఆడవాళ్లు తాయారు జడ గురించి చెప్పుకుంటుంటే మీసం దువ్వుకునేవాడు.

"సాయంత్రం భీమిలిలో అక్క మనవరాలి నిశ్చితార్థం. నలుగురూ ఏటనుకుంటారు? మొక్కు తీర్చుకుందంటారు, నేపోతే ఏదో పెద్ద జబ్బంటారు. నాను రాను. నువ్వూ కోడలూ ఎల్లండి."

తాయారు ఉప్మా ప్లేటు తెచ్చి అతని ముందు పెట్టింది. కోడలు మధులతే ఉండబట్టలేక గదిలోంచి వచ్చింది.

"మావయ్యా, ఏడాదిబట్టి అత్తమ్మ కుడిచెయ్యి బుజం దాటి లెగట్నేదు. ఆ జడ రోజూ ఎవరల్లుతన్నారనుకున్నారు? నానే. అల్లేసి, అచ్యుతాపురం కంపెనీ బస్సు కోసం పరిగెడతన్నాను."

త్రినాథరావు మొహం మాడిపోయింది. ఏడాదిగా ఒకే కప్పు కింద ఉంటూ ఆ సంగతి కనిపెట్టలేదు. కానీ మరుక్షణమే అతనికి పెద్ద బరువు దిగినట్టయింది.

"ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదే! అయితే పరవానేదు. డాక్టరు కత్తిరించమన్నాడని సెప్పేద్దాం."

అప్పుడొచ్చింది తాయారుకి కోపం.

"అలా సెప్పకు బావా. నొప్పి నిజమే. నొప్పి నేకపోయినా ఇది సేసుకోవాలని నా సిన్నప్పటి కోరిక. మా బడిలో కేథరిన్ టీచరుండేది. చెవుల దాకా జుట్టు అలలు అలలుగా దిద్దుకుని, పక్కన ముత్యాల దువ్వెన గుచ్చుకునేది. ఆవిడొత్తంటే పాఠం మర్సిపోయి సూసేదాన్ని. నాకూ అలా కావాలంటే అమ్మ చెంప వాయించింది. పెళ్లయ్యాక నీకు జడంటే మోజు. మీ అందరి ఇష్టాన్నీ నెత్తిన మోశాను. ఇది నా ఇష్టం. దీన్ని జబ్బు సెయ్యకు."

ఆవిడ విసురుగా వంటింట్లోకి వెళ్లిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో 'నా ఇష్టం' అన్న మాట ఆవిడ నోట విన్నట్టు త్రినాథరావుకి గుర్తు లేదు. నిద్రకని పడుకున్నాడే గానీ కన్ను మూతపడలేదు.

మధ్యాహ్నం మధులత అత్తగారిని ఫ్యాన్ కింద కూర్చోబెట్టింది. అవిసె గింజలు ఉడికించి తీసిన జిగురు రాసి, తడిజుట్టును వేలితో నొక్కి ఒక వంపు, దాని కింద ఇంకో వంపు తిప్పి క్లిప్పులు పెట్టింది. ఆరాక క్లిప్పులు తీసి, పూర్ణా మార్కెట్లో కొన్న ముత్యాల దువ్వెన ఎడమ చెవి పైన గుచ్చింది. త్రినాథరావు పేపరు చదువుతున్నట్టు నటిస్తూ తలుపు సందులోంచి అంతా చూశాడు.

ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని తాయారు హాల్లోకి వచ్చింది. అతను లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియదు. అదే ముక్కు, అవే కళ్లు, కానీ ఆ మెడ అంత పొడుగని అతనికిన్నాళ్లూ తెలియలేదు. నుదుటి మీంచి చెవి దాకా నల్లటి అలలు, వాటి మధ్య అక్కడక్కడా మెరిసే తెల్లని పాయలు. పోర్టులో క్రేన్ నడుపుతుండగా పెద్ద ఓడ రేవులోకి వస్తుంటే ఇప్పటికీ పని ఆపి చూస్తాడు. ఇప్పుడూ అలాగే చూశాడు.

"ఎలాగుంది బావా?"

"బయమేత్తందే," అన్నాడు. "నీ పక్కన నాను కంటికి ఆనుతానా అని." తరవాత చొక్కా మార్చుకోవడానికి లోపలికెళ్లాడు.

భీమిలిలో షామియానా కిందికి అడుగుపెట్టగానే ఆడవాళ్ల తలలన్నీ తాయారు వైపు తిరిగాయి. అతని అక్క నారాయణమ్మ ఎదురొచ్చి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఇదేటే తాయారూ! మొక్కా? నేపోతే ఒంట్లో బాగోనేదా?"

తాయారు మొహం వాడిపోయింది. నేల చూపులు చూస్తూ నిలబడింది. త్రినాథరావు నాలుక చివరికి డాక్టరు మాట వచ్చేసింది. ఆ ఒక్క అబద్ధంతో అందరూ అయ్యో పాపం అని ఊరుకుంటారు. అతను గొంతు సవరించుకున్నాడు.

"మొక్కూ కాదు, జబ్బూ కాదక్కా. తాయారు ఇష్టం. నాకూ నచ్చింది."

తాయారు తలెత్తి అతన్ని చూసింది. నారాయణమ్మ మెల్లిగా ఆ జుట్టు వైపు చెయ్యి చాపింది.

"ముట్టుకుంటే సెదిరిపోద్దేటే?"

"పోదు వదినా, సూడు," అంటూ తాయారు తల వంచింది. నవ్వబోయి ఏడ్చేసింది. చుట్టూ ఆడవాళ్లు మూగుతుంటే, త్రినాథరావు కళ్లు తుడుచుకుని ఆవిడ పక్కనే నిలబడ్డాడు.