పక్క సీటు ఖాళీగా లేదు

పాత ఖరీదైన కార్లు చవగ్గా దొరుకుతాయి. ఎందుకు దొరుకుతాయో కొన్నాకే తెలుస్తుంది. ఒకప్పుడు ఏ కంపెనీ యజమానో వెనక సీట్లో కాలు మీద కాలేసుకుని తిరిగిన బండి రంగు వెలిసి, కీళ్ళు అరిగి, చివరికి నాలాంటి ఆఫీసు గుమాస్తా చేతికి వస్తుంది. అప్పటికి దానికి లేని రోగం ఉండదు. షోరూముకి తీసుకెళ్తే వాళ్ళు బండిని కాదు, మనల్ని విప్పి చూస్తారు. అందుకే నా రోగిని నేనే చూసుకోవడం మొదలుపెట్టాను. స్పానర్ల పెట్టె కొన్నాను, వీడియోలు చూశాను, గ్రీజు చేతులతో భోజనం దగ్గర కూర్చుని ఇంట్లో తిట్లు తిన్నాను.

మా బావమరిది దాన్ని "మా అక్క సవతి" అంటాడు. ఫోను చేసినప్పుడల్లా "బావా, అక్క బాగుందా, సవతి బాగుందా" అని ఇద్దరి కుశలమూ అడుగుతాడు. ఆ మాటకి నా భార్య నవ్వుతుంది కానీ, నవ్వు పూర్తయ్యేలోపు నా వైపు ఒక చూపు కూడా చూస్తుంది.

ఆమెకి నెలలు నిండాయి. వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతుందని ఎప్పుడూ నా పక్క సీట్లోనే కూర్చుంటుంది. ఏ వేళ నొప్పులొచ్చినా ఆస్పత్రికి ఆ సీట్లోనే తీసుకెళ్ళాలి. సరిగ్గా ఆ సీటుకే రోగం వచ్చింది.

కూర్చునే దిండు కింద పల్చటి చాపలాంటి సెన్సరు ఒకటి ఉంటుంది. సీట్లో మనిషి ఉన్నదీ లేనిదీ కారుకి చెప్పేది అదే. అది పాడైతే సీటు ఖాళీ అనుకుని కారు ఆ వైపు ఎయిర్‌బ్యాగును ఆపేసి, ఎదురుగా ఎర్రదీపం వెలిగిస్తుంది. అప్పుడు ఏదైనా గుద్దుకుంటే బ్యాగు తెరుచుకోదు. కళ్ళు మూసుకుంటే చాలు, నా భార్య నిండు కడుపూ దాని ముందు ఆ ఎర్రదీపమూ కనబడేవి. నాకు భయంగా ఉండేది. ఆ భయం ఆమెకి చెప్పలేదు.

సెన్సరు మార్చాలంటే సీటంతా ఊడదీయాలి. దానికో అడ్డదారి ఉంది, మాలాంటి వాళ్ళందరూ పట్టేదే. బొటనవేలంత ప్లగ్గు ఒకటి దొరుకుతుంది. సెన్సరు వైరు పీకేసి ఆ చోట దీన్ని గుచ్చితే సరి. ఆ సీట్లో ఎప్పుడూ ఒక మనిషి కూర్చునే ఉన్నాడని అది కారుకి చెబుతూ ఉంటుంది. కారు నమ్మేస్తుంది. దీపం ఆరిపోతుంది, బ్యాగు పనిచేస్తుంది. చిన్న అబద్ధంతో పెద్ద పని అయిపోతుందని సంతోషించాను.

ఆ రోజు సెలవు. మధ్యాహ్నం భోజనమయ్యాక "ఒక్క అరగంట, కిందికెళ్ళి వస్తాను" అన్నాను.

ఆమె పక్కకి తిరిగి పడుకుంటూ, "ఆ అరగంట ఏ తారీఖుకి అవుతుందో చెప్పి వెళ్ళండి" అంది.

మా అపార్టుమెంటు సెల్లారులో పగలూ రాత్రీ ఒకటే. తడి సిమెంటు వాసన, దాని మీద ఎవరి బండిదో కారిన నూనె వాసన. కరెంటు ఆదా కోసం అక్కడ మనిషి కదిలితేనే వెలిగే దీపాలు పెట్టారు. ఎవరూ కదలకపోతే కాసేపటికి అవే ఆరిపోతాయి. నా కారు చివరి మూలలో, గోడకి ఆనుకుని ఉంటుంది.

ఈ కార్లలో బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది. ఆ దిండు తీసి పక్కన పెట్టి, బ్యాటరీ వైరు ఊడదీసి, ముందు సీటుకీ వెనక సీటుకీ మధ్య నేల మీద బోర్లా పడుకున్నాను. అడ్డం రాకుండా వెనక తలుపు దగ్గరికి లాక్కున్నాను, పూర్తిగా వెయ్యలేదు. కుడిచెయ్యి భుజందాకా ముందు సీటు కిందికి దూర్చి, పాత వైరు పీకి ప్లగ్గు గుచ్చాను. ఎడంచేత్తో బ్యాటరీ వైరు తిరిగి తగిలించాను. బిగించలేదు, పని చేస్తుందో లేదో చూశాక బిగిద్దామని ఊరికే కూర్చోబెట్టాను.

తాళంచెవి ముందే తిప్పి ఉంచాను కాబట్టి కారు మేలుకుంది. తల ఎత్తి రెండు సీట్ల సందులోంచి చూస్తే ఎర్రదీపం ఇంకా వెలుగుతోంది. ప్లగ్గు పూర్తిగా దిగలేదన్నమాట. వేలితో ఇంకాస్త నొక్కాను. టక్కుమంది.

ఎర్రదీపం ఆరిపోయింది.

వెంటనే టింగ్ టింగ్ అని మోత మొదలైంది. మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే వచ్చే మోత అది. నాకు నవ్వొచ్చింది. ఎంత పిచ్చిదో చూడు, లేని మనిషికి బెల్టు లేదని గోల పెడుతోంది అనుకున్నాను. బెల్టు నాలుకని తీసి గుచ్చేస్తే మోత ఆగిపోతుంది, లేచాక ఆ పని చెయ్యాలి.

నా ముఖం పక్కనే, సీటు అంచున వేలాడుతున్న బెల్టు పైకి కదిలింది. జరజరా లాగిన చప్పుడు. తర్వాత... క్లిక్.

మోత ఆగిపోయింది.

నేను కదల్లేదు. స్ప్రింగుదేమో, బెల్టు దానంతటదే చుట్టుకుని ఉంటుంది అని సర్దిచెప్పుకోబోయాను. కానీ మోత ఆగాలంటే బెల్టు తగులుకోవాలి. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

తోలు కిర్రుమంది. కూర్చున్న మనిషి ఒళ్ళు సర్దుకుంటే వచ్చే చప్పుడు. సీటు కింద ఉన్న నా చేతి మీదకి దిండు మెల్లగా కుంగింది. ఆపైన మోటారు మూలిగింది. సీటు వెనక్కి జరగడం మొదలుపెట్టింది. చెయ్యి లాక్కోబోయాను, అప్పటికే ఆలస్యమైంది. సీటు వెనక్కి వచ్చి, కిందికి దిగి, నా భుజాన్నీ చేతినీ నేలకి అదిమిపెట్టి ఆగింది. కాళ్ళు పొడుగైన మనిషి తనకి కావలసినట్టు సరిచేసుకున్నాడు.

నా కాళ్ళ దగ్గర పూర్తిగా పడని తలుపు కదిలింది. ఈ కార్ల తలుపులు గట్టిగా వెయ్యక్కర్లేదు, దగ్గరికి వస్తే మిగతాది మోటారు లాక్కుంటుంది. ఆ తలుపు చివరి అంగుళం తనే మెత్తగా మూసుకుంది. నాలుగు తలుపుల్లోనూ ఒకేసారి దబ్బుమని తాళాలు పడ్డాయి. దొంగలు అద్దం పగలగొట్టి లోపల్నుంచి తియ్యకుండా ఈ కార్లకి రెండో తాళం ఉంటుంది. అది పడితే లోపల హ్యాండిలు ఎంత లాగినా రాదు. బయటి శబ్దాలన్నీ తెగిపోయాయి. రెండు పొరల అద్దాలు, లోపల ఎంత అరిచినా బయటికి వినపడదు.

కాసేపటికి సెల్లారు దీపాలు ఆరిపోయాయి. కదిలే మనిషి లేడు కదా.

చీకట్లో పాత తోలు వాసన. దాని అడుగున ఇంకో వాసన... చాలాకాలం మూసి ఉంచిన పెట్టె తెరిస్తే వచ్చేలాంటిది. నా ఊపిరి నాకు వినిపిస్తోంది. దాన్ని ఆపి చూశాను. ఊపిరి చప్పుడు ఆగలేదు.

అప్పుడు ఫోను మోగింది.

నా ఫోను డ్యాష్‌బోర్డు మీద ఉంది. ఏ ఫోనొచ్చినా కారు స్పీకర్లలో పలికేలా ఏర్పాటు చేసింది నేనే. కాసేపు మోగి ఆగిపోయింది. ఎవరో ఎత్తారు.

"ఏమండీ..." నా భార్య గొంతు, నీరసంగా. "మొదలైనట్టుంది."

"నేను కార్లో ఇరుక్కుపోయాను" అని అరిచాను. "వాచ్‌మన్‌ని పంపు. నువ్వు మాత్రం రాకు."

ఆమె ఒక క్షణం ఆగింది. "ఊఁ. నడవగలను లెండి. లిఫ్టులో వచ్చేస్తా."

"రావద్దు... నేను చెప్పేది వినపడుతోందా? రావద్దు..."

"సంచి సర్దే ఉంది." మళ్ళీ ఆగింది, ఎవరో చెబుతుంటే విన్నట్టు. "ముందు సీట్లోనేగా? సరే." తర్వాత గొంతు తగ్గించి, "అంత గుసగుసగా మాట్లాడుతున్నారేంటండీ? పక్కన ఎవరైనా ఉన్నారా?" అంది.

ఫోను పెట్టేసింది.

నాకు ఏడుపొచ్చింది. చెయ్యి ఊడిపోయినా ఫరవాలేదని లాగాను. చర్మం చీరుకుపోయింది కానీ చెయ్యి రాలేదు. పైన సీట్లో ఏ చప్పుడూ లేదు. ఎదురుచూసే మనిషి ఎంత నిశ్శబ్దంగా కూర్చుంటాడో అంత నిశ్శబ్దం.

ఎడంచేతికి బ్యాటరీ అందుతోంది. కరెంటు ఉంటే ఆమె చెయ్యి వెయ్యగానే పక్క సీట్లో ఉన్నది తలుపు తెరుస్తుంది. ఆమె ఆ సీట్లో కూర్చుంటుంది. ఖాళీ లేని సీట్లో... వైరు పీకేస్తే తాళాలు అలాగే బిగిసిపోతాయి. తలుపు తెరుచుకోదు. కానీ నేనూ బయటికి రాలేను, నొప్పులు పడుతూ ఆమె ఈ సెల్లారులో ఒంటరిగా నిలబడాలి.

దూరంగా ఒక దీపం వెలిగింది. లిఫ్టు దగ్గరిది. తర్వాత రెండోది.

వైరు పట్టుకుని లాగేశాను. వైరు చివరున్న పాత బిగింపు రెండు ముక్కలై చేతిలోకి వచ్చింది. కారులో ప్రాణం పోయింది.

దీపాలు ఒక్కొక్కటే వెలుగుతూ దగ్గరికొచ్చాయి. సీటుకీ తలుపుకీ మధ్య సందులోంచి ఆమె కనిపించింది. నైటీ మీద చున్నీ, భుజాన సంచి, నడుము మీద చెయ్యి. పక్క సీటు అద్దం దగ్గర ఆగి తలుపు లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. కాళ్ళతో వెనక తలుపుని తన్నాను. గొంతు పోయేలా పిలిచాను. ఆమె నా వైపు చూడనేలేదు. పక్క సీటు వైపే చూస్తోంది. ఏదో అడిగింది, పెదవులు కదిలాయి. విని, తలూపింది.

క్లిక్ మంది. బెల్టు ఊడిన చప్పుడు.

నా చేతి మీద దిండు మెల్లగా పైకి లేచింది. భారం పోయింది. చెయ్యి ఊడి వచ్చింది. ఒక్క క్షణం, ఒక్కటే క్షణం, బతికాననుకున్నాను.

తలుపులేవీ తెరుచుకోలేదు. బయట నా భార్య వెనక్కి తిరిగింది. పైకి వెళ్ళే వాలు వైపు చిన్న చిన్న అడుగులతో నడుస్తోంది. ఒక చెయ్యి కడుపు మీద ఉంది. రెండో చెయ్యి పక్కకి చాచి, గాలిలో, మనిషి భుజమంత ఎత్తున ఆనించి ఉంది. ఆ చేతి మీద తన బరువంతా వేసి నడుస్తోంది. పడిపోవడం లేదు.

అద్దాలని తన్నాను, మోచేత్తో గుద్దాను. పనిముట్లన్నీ బయట నేల మీద ఉన్నాయి. విరిగిన బిగింపుని బ్యాటరీకి అదిమి పట్టుకుంటే కరెంటు వస్తోంది, కానీ తాళంచెవి ముందు ఉంది, నా చెయ్యి వెనక ఉంది. చివరికి నడుముకున్న బెల్టు తీసి బ్యాటరీ చుట్టూ బిగించి కట్టాను. డ్రైవరు సీటు మీదుగా ముందుకి పాకాను. పక్క సీటుకి ఒళ్ళు తగలకుండా పాకాను. తాళంచెవి వెనక్కి తిప్పగానే తలుపులు తెరుచుకున్నాయి. ఆమెకి ఫోను చేస్తూ పైకి పరిగెత్తాను. మోగుతూనే ఉంది. ఫోను ఇంట్లోనే వదిలి వెళ్ళిందని తర్వాత తెలిసింది.

గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు. "సార్, ఇందాక మేడమ్‌గారితో టాక్సీ ఎక్కారు కదా... ఎలా దిగారు?"

నేను వెళ్ళేసరికి ఆడపిల్ల పుట్టింది. నర్సు నన్ను తలుపు దగ్గర ఆపలేదు, మళ్ళీ వచ్చారా అన్నట్టు చూసి తప్పుకుంది. గదిలో నా భార్య ఒక్కతే ఉంది, పక్కన పాప. తల్లీ బిడ్డా క్షేమం. ఆ మాట విని అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. "ఇప్పటిదాకా ధైర్యంగానే ఉన్నారుగా" అని ఆమె నా తల నిమిరింది.

ఆ వారంలోనే కారుని తుక్కు కొట్టుకి తోలించేశాను. బావమరిది ఫోను చేసి సవతి పోయినందుకు నన్ను ఓదార్చాడు. జరిగింది నా భార్యకి చెప్పలేదు. నొప్పుల్లో దారంతా నా చెయ్యి పట్టుకునే ఉన్నానని, అందుకే భయం వెయ్యలేదని అందరికీ చెప్పి మురిసిపోతుంది. ఆ మాట ఎలా కాదనను?

మొన్నో రోజు పాపని ఉయ్యాల్లో వేస్తూ ఉన్నట్టుండి అంది, "టాక్సీలో మీరు నా చెవిలో అడిగినదానికి సరేనన్నాను గుర్తుందా? నేను మాట తప్పను. మీరూ తప్పకండి."

"ఏమడిగాను?" అన్నాను.

"చాల్లెండి వేళాకోళం. మీరడిగింది మళ్ళీ నా నోటితో చెప్పించాలా?" అని నవ్వింది. ఎన్ని రకాలుగా అడిగినా చెప్పలేదు. దీపం తీసేశాక చీకట్లో మాత్రం, నిద్రపోబోతూ, "పాపకి నడక వచ్చేదాకా ఆగుతానన్నారు. ఆగండి చాలు" అంది.

నిన్న సాయంత్రం పాప సోఫా అంచు పట్టుకుని లేచి నిలబడింది.