డాక్టరు రాసిన విశేషణం

1946 వేసవిలో ఒక ఉదయం నరసరావుపేటలో ప్రైవేటు డిటెక్టివ్ శౌరి గదిలోకి రోశమ్మ పరుగెత్తుకొచ్చింది.

“మా ఆయన్ని చంపేట్టున్నారయ్యా! పిడుగురాళ్ల క్వారీలో రాయి పడి నడుం దెబ్బతింది. కాళ్లు బిగుసుకుపోయి నడవలేకపోతుంటే దొంగ నాటకమంటన్నారు. డాక్టరే అట్టా రాశాడంట. నిన్న బలవంతాన లేపి రాయి ఎత్తమన్నారు. బోర్లా పడ్డాడు.”

డాక్టరు ఇంగ్లీషులో రాసిన కాగితాన్ని క్వారీ గుమాస్తా చలమయ్య తెలుగు చేసి గోడకు అంటించాడు. ఆ నకలు ఆమె చేతిలో ఉంది. శౌరి సహాయకుడు సత్తార్ దాన్ని చదివాడు: ‘కాళ్ల సంగతి అతిశయోక్తి. వెన్ను వంపు మామూలు కంటే హెచ్చు.’

మధ్యాహ్నానికి శౌరి, సత్తార్ క్వారీకి చేరారు. రోశమ్మ భర్త చిన్నకోటయ్య గుడిసెలో చాప మీద పడి ఉన్నాడు.

“ఆ రాయి కిందికి ఎందుకెళ్లావు?” అని అడిగాడు శౌరి.

“అది ఊగుతందని మేస్త్రీ వద్దన్నాడయ్యా. పని ఆగుతందని గుమాస్తాగారే తోలాడు.”

యజమాని వీరాస్వామికి ఇంగ్లీషు రాదు. డాక్టరు రాసిన అసలు ఇంగ్లీషు కాగితాన్ని ధీమాగా చూపించాడు. అది రాసిన డాక్టరు బదిలీ మీద మద్రాసు వెళ్లిపోయాడు.

“కాళ్ల దగ్గర ‘ఎగ్జాజరేటెడ్’ అని రాశాడు. అంటే ఏమిటి?” శౌరి గుమాస్తాను అడిగాడు.

“అతిశయోక్తి. లేనిది ఉన్నట్టు చెప్పటం. నాకు తెలిసిన అర్థం అదొక్కటే,” అన్నాడు చలమయ్య.

శౌరి ఆ వాక్యాలు రాసుకుని నరసరావుపేటలో ఒక డాక్టరును కలిశాడు. మర్నాడు యజమానినీ, గుమాస్తానూ, కూలీలనూ గుడిసె ముందు సమావేశపరిచాడు.

“ఈ విశేషణం మనిషి చెప్పే మాటకు తగిలిస్తే అతిశయోక్తే. కానీ డాక్టరు తగిలించింది మాటకు కాదు. మోకాలి కింద డాక్టర్లు చిన్న రబ్బరు సుత్తితో తడితే కాలు దానంతటదే ఎగురుతుంది. ఆ ఎగురు మితిమీరి ఉందని రాశాడు. అది ఎవరూ నటించలేరు. వెన్నులో నరం నలిగిందనడానికి గుర్తు!”

“నాకేం తెలుసు? పొరపాటు పడ్డాను,” అన్నాడు చలమయ్య.

“పొరపాటా?” శౌరి గొంతు హెచ్చింది. “కాగితంలో ఆ మాట రెండుసార్లు ఉంది. వెన్ను దగ్గర ‘మామూలు కంటే హెచ్చు’ అని సరిగ్గానే రాశావు. కాళ్ల దగ్గర మాత్రం అర్థం మార్చావు. రెండు అర్థాలూ నీకు తెలుసు. దెబ్బ నిజమైతే ఊగే రాయి కిందికి తోలిందెవరని అడుగుతారు. అందుకని నలిగిన మనిషిని అబద్ధాలకోరును చేశావు!”

చలమయ్య తల వాలింది.

“నాకు ఇంగ్లీషు రాదు కదండీ,” అని గొణిగాడు వీరాస్వామి.

“కళ్లున్నాయి కదా? ఇరవై రోజులుగా మనిషి పాకుతుంటే కనపడలేదా? మీకు కావలసిన అర్థం దొరికింది, అంతటితో ఊరుకున్నారు.”

కూలీలే లారీని ఆపి చిన్నకోటయ్యను గుంటూరు ఆసుపత్రికి చేర్చారు. మొదట్లోనే తెస్తే తప్పక నడిచేవాడనీ, ఇప్పుడు ఏమీ చెప్పలేమనీ అక్కడి డాక్టరు అన్నాడు.

రోశమ్మ ఏడవలేదు. వరండాలో నిలబడ్డ శౌరి దగ్గరకు వచ్చింది.

“పోలీసులకు అర్జీ రాయండయ్యా. ఇంగ్లీషులోనే రాయండి. జరిగింది జరిగినట్టు రాస్తే చాలు. ఒక్క ముక్క పెంచబాకండి.”

శౌరి అక్కడే బల్ల మీద కూర్చుని కలం తెరిచాడు.