లైన్లో చోటు

తెల్లవారి ఐదున్నరకల్లా పుణ్యవతి పులిహోర కలిపేసింది. పార్కులోకి బయటి తిండి రానివ్వరని కోడలు సంయుక్త రాత్రే చెప్పింది గాని, దారిలో కారులో తింటార్లే అని ఆవిడ పోపు పెట్టకుండా ఉండలేకపోయింది. మణికొండలో పన్నెండో అంతస్తు. డిసెంబరు చలికి వంటింటి కిటికీ అద్దం చెమర్చి ఉంది. అవతల కనబడేదల్లా ఇంకో పన్నెండంతస్తుల వంటింటి కిటికీలే.

క్రిస్మస్ సెలవులు. మనవరాలు నీహారికకు పది రోజులు, కొడుకు వెంకట్‌కు నాలుగు. నీహారికకు తొమ్మిదేళ్ళు. కిందటేడు ఇదే పార్కులో పెద్ద రోలర్ కోస్టర్ దగ్గర కొలబద్ద పక్కన నిలబెట్టి, రెండు వేళ్ళు తక్కువున్నావని వెనక్కి పంపేశారు. ఆ పిల్ల ఏడాదంతా గోడ మీద పెన్సిలు గీతలు గీసుకుంటూ పెరిగింది. ఇప్పుడు ఎత్తు సరిపోయింది. అందుకే ఈ ప్రయాణం.

పుణ్యవతికి మాత్రం ఈ ప్రయాణంలో వేరే పని ఉంది. నిన్న తణుకు నుంచి చెల్లెలు నీలమ్మ ఫోన్ చేసింది. మేడ మీద వాటా ఖాళీ అయిందట. కొత్త సంవత్సరానికి ఎవరో దిగుతామంటున్నారట. "నువ్వొస్తానంటే వాళ్ళని వద్దంటానక్కా. ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటూ గడిపేద్దాం. రేపు సాయంత్రానికల్లా ఏ సంగతీ చెప్పు" అంది.

భర్త సీతారామాంజనేయులు పోయాక పుణ్యవతి కొడుకు దగ్గరికి వచ్చి నాలుగేళ్ళు. ఇక్కడ ఏ లోటూ లేదు. మందులు ఇంటికే వస్తాయి, కూరలు ఇంటికే వస్తాయి. పొద్దున ఎనిమిదికి ముగ్గురూ మూడు దార్లు పడతారు. చీకటి పడ్డాక వచ్చి మూడు గదుల్లో మూడు తెరల ముందు కూర్చుంటారు. వెంకట్ అన్నం కూడా చెవిలో ఏదో పెట్టుకునే తింటాడు. కూర బాగుందా అని అడిగితే తలూపుతాడు. అది తనకి ఊపాడో, ఫోన్లో వాళ్ళకి ఊపాడో తెలీదు.

'వెళ్ళొద్దమ్మా' అని వాడు ఒక్కమాట అంటే చాలు, తణుకు వైపు తిరిగి కూడా చూడదు. ఆ మాట అడిగి అనిపించుకోవడం మాత్రం ఆవిడకి ఇష్టం లేదు. చెల్లెలు రమ్మంటోందని చెప్పి, వాడి మొహం చూస్తుంది. అంతే. అలా చెప్పడానికి గంట సేపు కొడుకు పక్కన కూర్చునే వీలు చిక్కాలి. ఇవాళ చిక్కుతుందని ధైర్యం. రోజంతా అందరం కలిసే ఉంటామని వాడే అన్నాడు మరి.

కారు నానక్‌రామ్‌గూడ దాటకముందే వెంకట్‌కి ఆఫీసు ఫోన్ వచ్చింది. సెలవైనా తప్పదట. ఔటర్ రింగు రోడ్డు ఎక్కి దిగేదాకా కారంతా ఎవరో తెలియని మగవాళ్ళ ఇంగ్లీషు మాటలే. పుణ్యవతి ఒళ్ళో పులిహోర డబ్బా వెచ్చగా ఉండి, మెల్లగా చల్లారింది.

పార్కు గేటు దగ్గర జనాన్ని చూసి సంయుక్త నీరుగారిపోయింది. నగరమంతా అక్కడే ఉంది. సామాన్లు పెట్టుకునే లాకర్లు తొమ్మిదిన్నరకే నిండిపోయాయి. సంయుక్త ఆఫీసులో నలభై మందితో పని చేయించే మనిషి. అక్కడే నిలబడి లెక్క తేల్చేసింది. కోస్టర్ దగ్గర రెండు గంటల లైను ఉంది. నలుగురూ అక్కడే ఉండిపోతే మిగతావేవీ ఎక్కలేరు. అత్తయ్య ఆ లైన్లో నిలబడతారు, తామీలోపు చిన్నవన్నీ చూసి పన్నెండుకల్లా వచ్చి కలుస్తారు. నీళ్ళ రైడ్లలో తడిసిపోతాయి కాబట్టి ఫోన్లూ, కారు తాళాలూ అన్నీ అత్తయ్య సంచిలోనే.

"మీకేం ఇబ్బంది లేదు కదా అత్తయ్యా?" అని అడిగింది. అడిగింది గాని, జవాబు వచ్చేసరికి నీహారిక తల్లి చెయ్యి పట్టుకుని లాక్కుపోతోంది. వెంకట్ వెనక్కి తిరిగి, "అమ్మా, లైను వదలకు" అన్నాడు.

ఇనప కడ్డీల మధ్య లైను పాములా మెలికలు తిరిగి ఉంది. ముందు ఓ కాలేజీ గుంపు, వెనకాల ఓ కొత్తగా పెళ్ళైన జంట. అందరికీ మాట్లాడుకోవడానికి ఎవరో ఒకరు ఉన్నారు. పుణ్యవతికి సంచి ఉంది. అవతలి వరసలో ఎదురొచ్చే వాళ్ళలో ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకావిడ, తన వయసుదే, ప్రతి మెలిక దగ్గరా ఎదురుపడుతోంది. మొదటిసారి చూపు కలిసింది. రెండోసారి నవ్వుకున్నారు. మూడోసారి "మీరూ మనవల కోసమేనా?" అని అడుగుదామని పుణ్యవతి మాట సిద్ధం చేసుకుంది. ఆ మెలికలో ఆవిడ లేదు. విసుగొచ్చి వెళ్ళిపోయిందో, పిల్లలొచ్చి పిలుచుకుపోయారో. అంత జనంలో ఆ ఒక్క మనిషి లేకపోతే పుణ్యవతికి చుట్టూ ఏమీ లేనట్టయింది.

పదకొండు దాటాక ఇంకో ఇబ్బంది మొదలైంది. ఒంట్లో షుగరు ఉన్న మనిషి. పొద్దున్నించీ ఓర్చుకుంది. ఇక ఓర్చుకోలేని పరిస్థితి. లైను వదిలితే గంటన్నర నిలబడింది వృథా. పిల్ల ఏడాది ఎదురుచూపు వృథా.

తణుకులో మునిసిపాలిటీ పంపు దగ్గర పుణ్యవతి ముప్ఫై ఏళ్ళు నీళ్ళు పట్టింది. అక్కడ మనిషి నిలబడక్కర్లేదు. బిందె నిలబడితే చాలు. బిందె లేకపోతే ఇటుకరాయి. ఇంటికెళ్ళి పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చినా ఆ రాయిని ఎవరూ కదపరు. లైను జరిగితే వెనకవాళ్ళే కాస్త ముందుకు జరుపుతారు. ఎంత గయ్యాళి అయినా ఆ నియమం తప్పేది కాదు.

ఆవిడ సంచిని తన చోట్లో నేల మీద నిలబెట్టింది. వెనక కొత్త పెళ్ళికూతురితో చెప్పింది, జరిగినప్పుడల్లా కాస్త జరపమని. ఆ పిల్ల సరేనండీ అంది. పుణ్యవతి కడ్డీల కింద నుంచి వంగి బయటికెళ్ళింది.

ఆడవాళ్ళ మరుగుదొడ్డి దగ్గర ఇంకో లైను. నలభై మంది ఉన్నారు. తిరిగొచ్చేసరికి పావుతక్కువ పన్నెండు. సంచి లేదు. కొత్త జంట ఎక్కడో ముందుకెళ్ళిపోయింది. వెనకనున్న వాళ్ళెవరూ ఆవిడ మొహం ఎరగరు. ఎవరిదో తెలియని సంచి పడుంటే సెక్యూరిటీ వాళ్ళు పట్టుకుపోయారని ఒకతను చెప్పాడు. ఆవిడ తన చోట్లోకి వెళ్ళబోతే, మధ్యలో దూరొద్దని నలుగురు ఒకేసారి కసిరారు.

సరిగ్గా అప్పుడే వాళ్ళు ముగ్గురూ వచ్చారు. నీహారిక తడి జుట్టుతో, మెరిసే కళ్ళతో, "నానమ్మా, మన వంతు వచ్చేసిందా?" అంది. బయట నిలబడి ఉన్న తల్లిని చూడగానే వెంకట్‌కి అర్థమైంది. అసలు సంగతి విన్నాక మొహం ఎర్రబడింది. మూడు ఫోన్లు, తాళాలు, పర్సు.

"సంచి నేల మీద పెట్టి వెళ్ళిపోయావా? ఇదేమన్నా మన ఊరి పంపు అనుకున్నావామ్మా? ఒక్క పని చెప్పాను నీకు. నిలబడటం. అది కూడా చేతకాకపోతే ఎట్లా?"

చుట్టూ వంద మంది. నీహారిక ఏడుపు మొదలెట్టింది. పుణ్యవతికి ఒంటేలుకి వెళ్ళానని అంతమందిలో చెప్పడానికి నోరు రాలేదు. కొంగు కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది. సంయుక్త ఆవిడ మొహంలోకి చూసి, "బాత్రూమ్‌కి వెళ్ళారా అత్తయ్యా?" అని నెమ్మదిగా అడిగింది. ఆవిడ తలూపింది. తన ప్లానులో ఆ ఐదు నిమిషాలు లేవని సంయుక్తకి అప్పుడు తట్టింది.

పోయిన వస్తువుల గది గేటు పక్కన ఉంది. లోపల బల్ల వెనక స్వప్న అని పేరు చీటీ పెట్టుకున్న సెక్యూరిటీ అమ్మాయి. వెనక అరల నిండా సంచులు. పుణ్యవతి గళ్ళ సంచి పై అరలో కనబడుతూనే ఉంది.

"గిట్ల ఇడిసిపెట్టి పోతరా అమ్మా? జనం ఎంత పరేషాన్ అయిన్రో తెల్సా" అంది స్వప్న. కోపం లేదు గొంతులో, అలసట ఉంది. "సంచిల ఏమేమున్నయో చెప్పుండ్రి. సరిపోతే ఇచ్చేస్త. సార్, మీరు చెప్తరా?"

వెంకట్ చెప్పాడు. మూడు ఫోన్లు. కారు తాళాలు. పర్సు. తర్వాత ఆగాడు.

"ఇంక?"

"ఇంకా... ఏవో సామాన్లు."

స్వప్న సంచి ముందు పెట్టుకుని లోపలికి చూసి, వెంకట్ తల్లి వైపు చూపు తిప్పింది. పుణ్యవతి తడుముకోకుండా చెప్పుకుపోయింది. పాపకి పొడి గౌను, రెండు జతల సాక్సులు, జుట్టు తుడిచే తువ్వాలు. సంయుక్తకి ఎండలో తలనొప్పి వస్తుంది, ఆ మాత్రలు, ఒక అమృతాంజనం. వెంకట్‌కి దుమ్ము పడితే ఎడమ కన్ను నీరు కారుతుంది, దానికి చుక్కల మందు. వాడు ఆకలికి ఆగలేడు, రెండు పల్లీ ఉండలు, కాగితంలో చుట్టినవి. నీహారిక చెప్పు తెగితే కుట్టడానికి సూదీ దారం.

స్వప్న ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెడుతోంది. చుక్కల మందు సీసా బయటికొచ్చినప్పుడు వెంకట్ దాని వైపు అలాగే చూశాడు. తన ఎడమ కన్ను సంగతి తనకే జ్ఞాపకం లేదు.

సంచి అడుగుకి వచ్చింది. "మరి ఈ సంచిల మీదేముందమ్మా?" అంది స్వప్న.

పుణ్యవతి ఆలోచించింది. పొద్దున తొందర్లో షుగరు మాత్రలు కూడా వంటింటి గట్టు మీదే ఉండిపోయాయి.

"సంచి నాదే" అంది.

ఆ అమ్మాయి నవ్వబోయి ఆగింది. కాగితం ముందుకు జరిపి సంతకం పెట్టమంది. పెన్ను వెంకట్ తీసుకున్నాడు గాని చాలాసేపు ఏమీ రాయలేకపోయాడు.

బయటికొచ్చాక సంయుక్త అత్తగారిని నీడలో కూర్చోబెట్టి, ఇడ్లీ తెచ్చి, తినేదాకా పక్కనే ఉంది. మీరు ఏమైనా తిన్నారా అని ఒక్కసారైనా అడగలేదు అత్తయ్యా అని, తన మీద తనే విసుక్కుంది. నీహారిక ఇక కోస్టర్ వద్దులే అంది, ఎటో చూస్తూ. ఆ 'వద్దులే'లో ఎంత 'కావాలి' ఉందో పెద్దవాళ్ళందరికీ తెలిసింది.

వెంకట్ లేచాడు. మళ్ళీ మొదటి నుంచి లైన్లో నిలబడతానన్నాడు. మీరంతా తిని, కూర్చుని, మెల్లగా రమ్మన్నాడు. ఫోను సంయుక్త చేతికిచ్చేశాడు.

"నేనూ వస్తాను" అంది పుణ్యవతి.

"నువ్వు కూర్చోమ్మా. పొద్దున్నించీ నిలబడే ఉన్నావు."

"ఒక్కదాన్నే నిలబడ్డాను" అంది ఆవిడ, చెప్పులు తొడుక్కుంటూ.

లైను చివర బోర్డు మీద ఇక్కడి నుంచి తొంభై నిమిషాలని రాసుంది. ఆ బోర్డు చూసి చుట్టూ అందరూ ఉసూరుమన్నారు. పుణ్యవతి దాన్ని రెండుసార్లు చదువుకుంది.

ఇద్దరూ మొదటి మెలిక దాకా వచ్చారు. వెంకట్ చెయ్యి రెండుసార్లు జేబు తడుముకుని, ఫోను లేక ఖాళీగా బయటికొచ్చింది. ఇందాక అందరిలో అలా అనకుండా ఉండాల్సిందని గొణిగాడు. పుణ్యవతి కాసేపటికి చెల్లెలు ఫోన్ చేసిన సంగతి చెప్పింది. మేడ మీద వాటా, కొత్త సంవత్సరం, సాయంత్రానికల్లా జవాబు. అన్నీ వరసగా, ఏ రాగమూ లేకుండా చెప్పింది. చెప్పి, అనుకున్నట్టే వాడి మొహం చూసింది.

వాడు కడ్డీ మీద పెచ్చులూడిన రంగుని గోటితో గీకుతున్నాడు. ఎడమ కంట్లో నీళ్ళు తిరిగాయి. దుమ్ము కాదు.

"ఇంట్లో నువ్వుంటే నాకు నిశ్చింతమ్మా. ఆ నిశ్చింతలో పడి నీతో మాట్లాడ్డం మానేశాను. ఇప్పుడు వెళ్ళొద్దంటే, మళ్ళీ మా పనుల కోసమే అన్నట్టు ఉంటుంది. అలా అనడానికి నాకు మొహం లేదు." కడ్డీ వదిలి తల్లి వైపు తిరిగాడు. "మాతో ఉంటావా అని అడుగుతున్నాను. నీకు ఇష్టమైతేనే. వెళ్తానన్నా నేనే తీసుకెళ్ళి దింపుతాను. నెలకోసారి నేనే వస్తాను."

తను వినాలని ఎదురుచూసిన మాట అది కాదు. కానీ ఈ నాలుగేళ్ళలో ఈ కొడుకు తనని ఏదైనా అడగడం, అడిగి జవాబు కోసం ఆగడం, ఇదే మొదటిసారి. పుణ్యవతి పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది.

"సాయంత్రం దాకా టైముందిగా. ఆలోచించుకోనీ" అంది. "ముందు నీ సంగతి చెప్పు. ఆ ఫోన్లో పొద్దున నిన్ను అంతసేపు సతాయించినవాడు ఎవడ్రా?"

వెంకట్ నవ్వాడు. నవ్వి, చెప్పడం మొదలెట్టాడు. వాడి మేనేజరు గురించి, కిందటి నెల ఉద్యోగం పోయిన పక్క సీటు మధుకర్ గురించి, ఆ రోజు నుంచి తనకి నిద్ర సరిగా పట్టని సంగతి. సంయుక్తకి కూడా చెప్పలేదట. ఆవిడ మధ్యలో అడ్డం రాకుండా విన్నది, ఒక చెయ్యి వాడి భుజం మీద వేసి.

ముందు లైను గబగబా నాలుగడుగులు జరిగింది. వాళ్ళిద్దరి ముందూ ఖాళీ ఏర్పడింది. వెనక నుంచి ఎవరో కుర్రాళ్ళు ఆంటీ, కదలండి అన్నారు.

పుణ్యవతి కొడుకుని కడ్డీ పక్కకి లాగి, దారి ఇచ్చింది.

"మీరు వెళ్ళండి బాబూ" అంది. "మాకు తొందర లేదు."