చోటు తప్పిన గొంతు

"మా ఇంట్లో దొంగతనం జరిగిందండీ. పోయింది మా ఆవిడ గొంతు," అన్నాడు కళ్ళ డాక్టరు, కుర్చీలో కూలబడుతూ.

టైపిస్టుకి నవ్వు తన్నుకొచ్చింది కానీ డిటెక్టివ్ మొహం చూసి మింగేసింది. ఆయన్ని అందరూ నిదానంగారంటారు. ఇల్లంటుకున్నా చెప్పులు వెతుక్కుని, వేసుకుని మరీ బయటికొచ్చే రకం. టైపిస్టుకి మాత్రం ఆయన తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని గట్టి నమ్మకం.

"మొదట్నుంచీ చెప్పండి," అన్నాడు నిదానంగారు.

డాక్టరు మొదటి భార్య గాయని. ఆవిడ పోయాక పాటలు మిగిలాయి. వాటిని ఇంట్లో ఎలాంటి స్పీకర్లలో వినాలా అని ఆయన చాలాకాలం తర్జనభర్జన పడ్డాడు. హైఫై షాపాయన నిలువెత్తు పెట్టెలు తెచ్చి చూపించాడు. వాటికి కింద కన్నం ఉంటుంది, బాస్, అంటే మద్దెల మోతలాంటి లోతు శబ్దం, గుండెల్లో మోగుతుంది. పోయినావిడ తమ్ముడు మాత్రం ఎక్కడా సందులేకుండా మూసేసిన చిన్న పెట్టెలు రెండు స్వయంగా చేసిచ్చాడు. వాటిలో బాస్ తక్కువే. కానీ రెండింటికీ ఎదురుగా సరిగ్గా నడిమధ్య కూర్చుంటే, పాడే మనిషి ఎదుటే ఉన్నట్టుంటుంది. డాక్టరు వాటినే ఎంచుకున్నాడు. షాపాయన మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు.

"పాట పెడితే ఆవిడ కిటికీకి కాస్త ఇవతల నిలబడి పాడేదండీ. ఈ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదు, పిచ్చెక్కిందనుకుంటారని. ఉన్నట్టుండి గొంతు పలచబడింది. గదిలో ఎక్కడుందో కూడా తెలియట్లేదు."

"అనుమానం ఎవరి మీద?"

"ఇంకెవరు, మా బావమరిదే! నేను మళ్ళీ పెళ్ళి చేసుకున్నానని వాడికి కడుపుమంట. అక్క గొంతు నాకు దక్కకూడదని పెట్టెల్లో ఏదో చేశాడు. ఇక నా గడప తొక్కొద్దని వాడికి ఈ సాయంత్రమే చెప్పేస్తాను. ఈలోగా మీరొకసారి చూడండి."

డాక్టరుగారి పాటల గదిలో రెండు పెట్టెలు, వాటికెదురుగా ఒకే ఒక్క కుర్చీ ఉన్నాయి. నిదానంగారు కుర్చీలో కూర్చుని పాట పెట్టించాడు. తర్వాత ఎడమ పెట్టె ఒక్కటే విన్నాడు. కుడిది ఒక్కటే విన్నాడు. విడివిడిగా రెండూ లక్షణంగా పాడుతున్నాయి. కలిపితే మాత్రం బాస్ ఎగిరిపోయి గొంతు గది నాలుగు మూలలకీ చెదిరిపోతోంది. గుమ్మం దగ్గర నిలబడ్డ టైపిస్టుకి ఈ గొంతు చెదరడాలేవీ అంతుపట్టలేదు. ఆమెకి పాట పాటలాగే వినిపించింది.

నిదానంగారు పిలిపిస్తే షాపాయనా, బావమరిదీ వచ్చారు. షాపాయన గొంతు నిండా అక్కసే. "పెట్టెలు బిగించిన రోజు పిలిస్తే వచ్చాను, ఈ గడప తొక్కడం మళ్ళీ ఇవాళే. కుర్రచేతి పని అలాగే ఏడుస్తుందని ఆ రోజే అన్నాను కదా!"

బావమరిది కళ్ళు ఎర్రబడ్డాయి. "ముందు వైర్లు చూడనివ్వు బావా అని కాళ్ళావేళ్ళా పడ్డానండీ. ముట్టుకోనివ్వలేదు. ఎరుపు ఎరుపుకీ, నలుపు నలుపుకీ వెయ్యాలి, ఒక్క పక్క తిరగబడితే బాస్ పోయి గొంతుకి చోటుండదని బిగించేటప్పుడే అందరి ముందూ చెప్పాను."

డాక్టరుగారి రెండో భార్య కాఫీలు తెచ్చింది.

"ఇదివరకు పాట ఎలా ఉండేదమ్మా?" అడిగాడు నిదానంగారు.

"ఎలా ఏముందండీ, కిటికీకి ఇవతల మనిషి నిలబడి పాడినట్టే ఉండేది."

"మీరెక్కడ కూర్చుని వినేవారు?"

"నేనా? కూర్చునే తీరికెక్కడిది! వంటింట్లోంచి వినపడేదే. ఈ గదిలోకి కాఫీ ఇవ్వడానికే వస్తాను."

నిదానంగారు కాఫీ తాగడం పూర్తిచేసి, పెట్టెల వైర్లు వచ్చి కలిసే ఆంప్లిఫయరు వెనక ఓసారి తొంగిచూసి, నలుగురినీ అక్కడే నిలబెట్టాడు.

"పెట్టెల్లో ఏ లోపమూ లేదు. ఆంప్లిఫయరు వెనక కుడి పెట్టె వైర్లు తారుమారయ్యాయి. షాపాయన ఇవాళ్టిదాకా మళ్ళీ ఇటు రాలేదు. బావమరిదే చేసుంటే వైర్లు చూడమని బతిమాలడు. డాక్టరుగారూ, ఆ గొంతు కిటికీ దగ్గర నిలబడడం ఆ కుర్చీలో కూర్చుంటేనే తెలుస్తుంది. వంటింట్లోంచి కాదుగదా, గుమ్మం దగ్గర్నించి కూడా తెలియదు. మీరు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మరి మీ ఆవిడకెలా తెలిసింది?"

టైపిస్టు నుదురు కొట్టుకుంది. ఈ మాట తనూ విన్నదే కదా! తన తలకెందుకు తట్టలేదో!

"నేనే చేశాను," అంది రెండో భార్య. తల దించలేదు. "మీరు ఆస్పత్రికెళ్ళాక ఒకరోజు ఆ కుర్చీలో కూర్చుని విన్నాను. నా ఇంట్లో, నా కిటికీ పక్కన నిలబడి పాడుతోంది. ఒళ్ళు భగ్గుమంది. బతికున్న మనిషైతే జుట్టు పట్టుకుని ఈడ్చేదాన్ని. గొంతునేం చెయ్యను? అందుకే, బిగించిన రోజు ఈ అబ్బాయి చెప్పింది గుర్తుపెట్టుకుని వైర్లు మార్చాను. దానికి ఈ అబ్బాయిని గెంటేస్తానంటారని నాకేం తెలుసు! చెప్పేద్దామనుకున్నాను, భయమేసింది." కళ్ళు తుడుచుకుంది. "అంత బాగా పాడుతుందని నాకెవరూ చెప్పలేదు."

డాక్టరు బావమరిది భుజం మీద చెయ్యి వెయ్యబోయి, సిగ్గుపడి వెనక్కి తీసుకున్నాడు.

"నన్ను క్షమించరా. గదిలో ఎక్కడ కూర్చున్నా ఒకేలా వినపడే పెట్టెలు కట్టగలవా?"

"స్పీకరుని పైకి తిప్పి పెడితే శబ్దం అన్నివైపులా పరుచుకుంటుంది. కానీ బావా, అక్క గొంతు ఇక ఆ ఒక్కచోటే నిలబడదు. బాగా ఆలోచించుకో."

డాక్టరు కిటికీ వైపు చాలాసేపు చూశాడు. "కట్టు," అన్నాడు.

బావమరిది జేబులోంచి కొలత టేపు తీసి గది కొలుస్తూ, ఇన్నాళ్ళూ 'ఏవండీ' అని తప్ప పిలవని ఆ ఇల్లాలి వైపు తిరిగాడు.

"బాస్ ఎక్కువుండాలా, తక్కువుండాలా? వినేది నువ్వు కూడా, చెప్పక్కా."