ఆళ్లగడ్డలో ఆగిన పికప్

"కుందూ పొంగింది."

ఇయర్‌పీస్‌లో ఆ కోడ్ వినగానే ఏజెంట్ యోబు అరటిపండ్ల గంప కింద పడేశాడు. ఆళ్లగడ్డ బస్టాండు ముందర అతను పొద్దుటి నుంచి పండ్ల వ్యాపారి వేషంలో ఉన్నాడు.

నంద్యాల గెస్ట్‌హౌస్ ఏసీ గదిలోంచి చీఫ్ విశ్వేశ్వరయ్య చెబుతున్నాడు. "నీ ఎదురుగా ఉన్న పాత డీజిల్ పికప్పే. దాంట్లో ఎక్కించిన రాతి సింహాల కడుపులో ఆర్‌డీఎక్స్. టైమర్ నడుస్తాంది. బాంబ్ స్క్వాడ్ గంటలో వస్తాది. నువ్వు ఏదీ ముట్టుకోవాకు."

"గంట దాకా ఈడ జనం బతికుంటారా సార్?" యోబు ఇయర్‌పీస్ పీకి పారేశాడు.

పికప్ పక్కనే లహరి. నల్ల కళ్లద్దాలు, పట్టుచీర. రెండేళ్లుగా మన మనిషేనని డిపార్ట్‌మెంట్ నెత్తిన పెట్టుకున్న డబుల్ ఏజెంట్. యోబు ఆమె చేతిలోని తాళం లాక్కుని, బేడీలు వేసి బస్టాండు దగ్గరున్న కానిస్టేబుల్‌కు అప్పగించాడు.

"తాళం తీసుకుంటే బండి కదల్తాదా అన్నా?" ఆమె నవ్వింది.

కదల్లేదు. స్టార్టర్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు. ట్యాంకు నిండుగానే ఉంది. డీజిల్ ఆపేసే దొంగ స్విచ్ ఎక్కడో పెట్టారు. తోద్దామంటే ఆ రాళ్ల బరువుకు పదిమంది కూడా చాలరు. వెనకాల పిల్లలతో నిండిన కోవెలకుంట్ల బస్సు.

డాష్‌బోర్డు కింద తడిమాడు. లేదు. ఫ్యూజుల పెట్టె పీకాడు. లేదు. పళ్లు నూరుతూ సీటు పెకలించాడు.

అప్పుడు కనిపించాయి, కుంకుమ బొట్లు. స్టీరింగుకు ఒకటి. గేర్ రాడ్డుకు ఒకటి. బ్రేకు పెడల్‌కు ఒకటి. మొన్ననే ఆయుధ పూజ అయింది. సరే, సీటు కింద ఖాళీ రేకుకు బొట్టెందుకు?

రేకు పీకాడు. వెనకాల స్విచ్. నొక్కి తాళం తిప్పగానే ఇంజన్ గర్జించింది.

హారన్ మీద చెయ్యి తీయకుండా ఊరి బయట పాడుబడ్డ క్వారీ దాకా తోలాడు. అంచున దూకేశాడు. బండి గుంటలో పడీ పడకముందే నేల అదిరింది.

స్టేషన్‌లో లహరి అతని చిరిగిన చొక్కా చూసి మొహం మాడ్చుకుంది. "ఎట్ల కనుక్కున్నావ్?"

"దొంగ స్విచ్‌కు కూడా బొట్టు పెడ్తారా ఎవరన్నా? మీ విదేశీ బాసుకు తెలిస్తే ఏమనుకుంటాడు?"

"ఆయనకేం తెల్సప్పా," లహరి విసుక్కుంది. "పండగ పూట అన్నిటికీ పెట్టి దాన్నొక్కదాన్నీ ఎట్ల వదిలిపెట్టేది?"